ఏసీ కింద నల్లమచ్చ

పడకగదిలో ఏసీ కింద గోడ మీద అరచేతంత నల్లమచ్చ కనిపిస్తే బి.కొత్తకోటలో చాలామంది చేసే పని ఒకటే. పండగ ముందు పెయింటర్‌ను పిలిచి, గీకించి, పుట్టీ పట్టించి, పైన ఇంకో కోటింగు వేయిస్తారు. సంక్రాంతికి వేసిన రంగు ఉగాది దాకా బాగానే ఉంటుంది. ఎండలు ముదిరి ఏసీ మళ్లీ ఆడటం మొదలయ్యాక అదే చోట, ఇంచుమించు అదే ఆకారంలో మచ్చ తేలుతుంది. పెయింటు నాసిరకమనో, పుట్టీ సరిగా ఆరలేదనో అనుకుంటాం. గోడలోకి నీళ్లు దిగుతున్నాయన్న అనుమానం చివరికి గానీ రాదు. ఆ నీళ్లు ఎక్కడివో పట్టుకోకుండా ఎన్నిసార్లు రంగు వేసినా ఖర్చు తప్ప ఫలితం ఉండదు. బూజు విషయంలో నేను చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే. ముందు నీటిదారి, ఆ తర్వాతే గోడ.

మదనపల్లె, పుంగనూరు, బి.కొత్తకోట వైపు బూజును కోస్తా వాళ్ల బాధగా చూడటం అలవాటు. అందుకు కారణం ఉంది. సముద్ర మట్టానికి రెండు వేల అడుగుల పైన ఉన్న మెట్ట నేల ఇది. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి పొడిగా ఉంటుంది. క్షయకు మందులు లేని కాలంలో మంచి గాలి, ఎండ, విశ్రాంతే వైద్యం. అందుకే మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం వెలిసింది. 1912లో తలపెట్టి 1915లో తెరిచిన ఆ ఆసుపత్రిని డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ చాలా ఏళ్లు నడిపారు. అంతకు ముందే, 1870 ప్రాంతంలో, కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఇప్పుడు బి.కొత్తకోట మండలంలో ఉన్న ఏనుగు మల్లమ్మ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. కొండకు ఆయన పేరే నిలిచింది. ఆయన్ను అంత ఎత్తుకు రప్పించింది ఈ చల్లగాలే.

ఆ గాలి ఇప్పటికీ ఉంది, ఇళ్లే మారాయి. మట్టి, రాతి గోడలకు సున్నం పూసిన పాత మిద్దెల్లో గోడ తడిసినా ఆ తడి మెల్లగా బయటికి ఆరిపోయేది. కిటికీలు రోజంతా తెరిచే ఉండేవి. ఇవాళ సిమెంటు పూత మీద రెండు చేతుల పుట్టీ, దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్, కొందరి ఇళ్లలో వాల్‌పేపరు, పైన పీఓపీ సీలింగు. ఏసీ పెట్టాక చల్లదనం పోతుందని కిటికీ సందులు కూడా మూసేస్తాం. బయట మెట్ట వాతావరణం, గదిలో మాత్రం వేరే వాతావరణం. దీనికి తోడు మనకు రెండు వానాకాలాలు. నైరుతి అయిపోయిందనుకున్నాక అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతం తుపాన్లు తెచ్చే ముసురు పడుతుంది. 2021 నవంబరులో రోజుల తరబడి కురిసిన వానను ఈ వైపు ఎవరూ మరచిపోలేదు. అలాంటి వారాల్లో ఆరేసిన బట్టలే ఆరవు. తడిసిన గోడ ఎలా ఆరుతుంది?

ఏసీలోంచి అసలు నీళ్లెందుకు వస్తాయో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. చల్లటి నీళ్లు పోసిన స్టీలు చెంబు బయట చెమ్మ పట్టినట్టే, ఏసీ లోపలి చల్లని కాయిల్ మీద గదిలోని ఆవిరి నీరై పేరుకుంటుంది. ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల వేడిలో సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. అదే గాలి 10 డిగ్రీలకు చల్లబడితే 9 గ్రాములకు మించి మోయలేదు. మిగిలింది నీరుగా దిగిపోవాల్సిందే. విల్లిస్ క్యారియర్ 1902లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్యాలయం కోసం మొదటి ఆధునిక ఏసీ గీసినప్పుడు ఆయనకు అప్పగించిన పని కూడా గాలిలో తేమను అదుపు చేయడమే. తేమకు కాగితం ఉబ్బి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడక అచ్చు పాడయ్యేది. అంటే నీళ్లు తీయడం ఏసీ పుట్టుకతో వచ్చిన పని. ఏసీలోంచి నీళ్లు రావడం జబ్బు కాదు. ఆ నీళ్లు బయటికి పోకుండా ఇంట్లోకి రావడమే జబ్బు.

ఎన్ని నీళ్లంటే, ఒకటిన్నర టన్ను ఏసీ తేమ ఎక్కువున్న రోజున గంటకు లీటరు, ఒక్కోసారి అంతకు మించి తీస్తుంది. ఏప్రిల్ వడగాలిలో గాలి పొడిగా ఉంటే పైపు కొన నుంచి చుక్కలు చుక్కలుగానే పడతాయి. జూన్‌లో మబ్బు పట్టాక, సెప్టెంబరు ఉక్కపోతలో ధార కడుతుంది. ఏప్రిల్ అంతా బాగున్న ఏసీ వానాకాలంలో కారుతోందని చాలామంది ఆశ్చర్యపోతారు. పైపు ముందే సగం మూసుకుపోయి ఉంటుంది. చుక్కలకు ఆ సందు చాలింది, ధారకు చాలలేదు.

కాయిల్ కింద ఒక సన్నటి ట్రే ఉంటుంది. నీళ్లు అందులో పడి, డ్రెయిన్ పైపు గుండా గోడ దాటి బయటికి పోతాయి. దారి ఇంతే. ఈ చిన్న దారిలో తేడా వచ్చే చోట్లు మాత్రం చాలా ఉన్నాయి. అన్నిటికంటే మామూలుగా జరిగేది, ఫిల్టర్ దాటి వచ్చిన దుమ్ము తడికి జిగురుగా మారి పైపులో పేరుకోవడం. రోడ్డు పక్క ఇళ్లలో, దగ్గర్లో కట్టుబడి పని జరుగుతున్న చోట, ఒక్క వేసవికే ట్రేలో బురద కట్టడం చూస్తాం. బయటి కొనలో మట్టిగూళ్లు కట్టే కందిరీగ దూరి గూడు కట్టినా అదే గతి.

బకెట్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నీటి విలువ తెలిసిన ప్రాంతం కాబట్టి ఏసీ నీళ్లు వృథా చేయడానికి మనకు మనసొప్పదు. పైపు కింద బకెట్ పెట్టి ఆ నీళ్లను మొక్కలకు పోస్తాం, ఇల్లు తుడవడానికి వాడతాం. మంచి అలవాటే, తాగడానికి మాత్రం అవి పనికిరావు. అయితే పైపు కొనను బకెట్ అడుగు దాకా దించకూడదు. బకెట్ నిండేకొద్దీ కొన నీటిలో మునిగిపోతుంది. పైపులో చిక్కుకున్న గాలి బయటికి రాలేక, పై నుంచి వచ్చే నీళ్లను అడ్డుకుంటుంది. అప్పుడు నీళ్లు ట్రేలోనే నిండి, అంచు దాటి, గోడ వెంబడి గదిలోకి దిగుతాయి. పైపు కొన ఎప్పుడూ బకెట్ అంచుకు పైన, గాలిలోనే ఉండాలి. ఇంత చిన్న మార్పుతో కారడం ఆగిపోయిన ఇళ్లున్నాయి.

బిగించేటప్పటి లోపాలు ఇంకో రకం. ఇండోర్ యూనిట్ మట్టంగా, లేదా పైపు ఉన్న వైపుకు రవ్వంత వాలుగా ఉండాలి. బేల్దారి రసమట్టం పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. గోడకు వేసిన రంధ్రం లోపలి నుంచి బయటికి వాలాలి. అది లోపలికి వాలితే ఏసీ నీళ్లే కాదు, నవంబరు ముసురులో వాననీళ్లు కూడా అదే దారిన గోడలోకి వస్తాయి. రంధ్రం చుట్టూ సందును సిమెంటుతోనో సీలెంటుతోనో పూడ్చకుండా గుడ్డ కుక్కి వదిలేసిన ఇళ్లు తక్కువేం కాదు. ముడతల పైపు మధ్యలో వంగి లోతు పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయి. రాగి గొట్టాల మీద నల్లటి నురగ తొడుగు చిరిగితే ఆ గొట్టాలకే చెమట పట్టి గోడ తడుస్తుంది.

కాయిల్ మీద మంచు గడ్డ కట్టడం మరో కారణం. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి గాలి ఆడకపోయినా, గ్యాస్ తగ్గినా కాయిల్ సున్నా డిగ్రీల కిందికి పోయి మంచు పేరుకుంటుంది. ఏసీ ఆపగానే అదంతా ఒక్కసారిగా కరిగి, ట్రే పట్టక కిందికి కారుతుంది. ఇక్కడ మెకానిక్ గ్యాస్ నింపి వెళ్తే సరిపోదు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉందన్నమాట. ఆ లీకు ఎక్కడో చూపించమని అడగాలి.

తడి ఏసీదే అని నిర్ధారించుకోవడం కూడా అవసరమే, ఎందుకంటే గోడకు నీళ్లు ఇంకా చాలా దారుల్లో వస్తాయి. మచ్చ యూనిట్ కింద మొదలై చారలుగా దిగుతుంటే, ఏసీ ఆడిన రోజుల్లో పెరుగుతుంటే అది ఏసీ పనే. నేల నుంచి రెండు మూడడుగులు పైకి పాకి, తెల్లటి పొడి రాలుతుంటే అది పునాది నుంచి ఎక్కిన నెమ్ము. ఆ తెల్లపొడి బూజు కాదు, సౌడు. వేలికి తడి చేసి అద్దితే కరిగిపోతుంది. వాన పడిన మర్నాడు పెద్దదయ్యే మచ్చకు మూలం మిద్దె మీద వెతకాలి. పక్కన బాత్‌రూమ్ ఉంటే దాని పైపుల్ని అనుమానించాలి. ఇంకా తేలకపోతే అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కాగితాన్ని తడిగోడకు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి ఒక రోజు ఉంచండి. కాగితం వెనక, గోడ వైపు చెమ్మ పడితే నీళ్లు గోడ లోపలివి. గది వైపు పడితే గదిలోని గాలిలోనే తేమ ఎక్కువుంది.

ఆ తడి మీద పెరిగేది శిలీంధ్రం. దాని బీజాలు కంటికి కనపడనంత చిన్నవి, ఏ ఇంట్లోనైనా గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటిని పూర్తిగా లేకుండా చేయడం ఎవరి తరమూ కాదు. పెయింటు, దుమ్ము, కాగితం, చెక్క, గుడ్డ, అన్నీ వాటికి తిండే. కరువల్లా నీటికే. తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెడితే సాధారణంగా బూజు పట్టదు. శెనక్కాయ పండించే రైతులకు ఈ లెక్క పుస్తకం చదవకుండానే తెలుసు. పెరికిన కాయ వానకు తడిసి కుప్పలో ఉండిపోతే ఏమవుతుందో కదిరి, బి.కొత్తకోట రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కాయకు పట్టి అఫ్లాటాక్సిన్ విషాన్ని పుట్టించే యాస్పర్‌జిల్లస్ ప్రజాతిలోవే కొన్ని రకాలు తడిగోడల మీద కూడా పెరుగుతాయి.

వరద వచ్చినప్పుడు తడిసిందని అందరికీ తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానినప్పుడు, నీళ్లు తీయగానే జనం పరుపులు, బీరువాలు బయటికి చేర్చారు. ఏసీ లీకు అలా చెప్పి రాదు. పుట్టీ వెనక, బీరువా వెనక, వాల్‌పేపరు వెనక నెలల తరబడి చుక్క చుక్కగా చేరుతుంది. మచ్చ కంటే ముందు వాసన తెలుస్తుంది. తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన వస్తే అగరుబత్తి వెలిగించే ముందు బీరువా ముందుకు లాగి వెనక చూడండి.

ఆరోగ్యం విషయంలో భయపెట్టడం, తేలిగ్గా కొట్టిపారేయడం రెండూ తప్పే. తేమ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. ఉబ్బసం ఉన్న పిల్లలు, ముసలివాళ్లు, క్యాన్సర్ మందుల వల్లనో మరో కారణం చేతనో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఆ గదిలో పడుకోకూడదు. రాత్రి దగ్గు వస్తూ, ఊరికి వెళ్లినప్పుడు తగ్గి, తిరిగొచ్చాక మొదలవుతుంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. అదే సమయంలో, 2021లో కోవిడ్ రెండో అల చివర చూసిన బ్లాక్ ఫంగస్‌కు, గోడ మీది నల్లమచ్చకు ముడిపెట్టి హడలిపోనక్కర్లేదు. అది మ్యూకరేల్స్ వర్గపు శిలీంధ్రాల జబ్బు. ఎక్కువగా షుగరు అదుపులో లేనివాళ్లను, స్టెరాయిడ్లు వాడినవాళ్లను పట్టుకుంది. గోడ మీద నల్లగా ఉన్నదల్లా విషం అనుకోవడం కూడా సరికాదు. రంగును బట్టి ఏ రకమో చెప్పలేం, చెప్పనవసరమూ లేదు. ఏ రంగుదైనా తీసేయాల్సిందే.

ఇక తీసే పని. నీటి లీకు ఆగాకే మొదలుపెట్టాలి. మచ్చ మొత్తం పది చదరపు అడుగుల లోపు ఉంటే ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు. అంతకు మించినా, సీలింగు లోపలికి పాకినా పనివాళ్లను పెట్టుకోవడం మేలు. ఏసీ మెయిన్ ఆపండి. పిల్లల్ని, ఆయాసం ఉన్నవాళ్లను ఇంకో ఇంటికి పంపండి. కిటికీలు తెరిచి, గది తలుపు మూసి, ఎన్95 మాస్కు, రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఫ్యాను వేయకండి. పొడి చీపురుతో, పొడి బ్రష్‌తో అసలు రుద్దకండి. అలా చేస్తే బీజాలు ఇల్లంతా ఎగురుతాయి. ముందు స్ప్రేతో మచ్చను తడిపి, సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. ఉబ్బిన పుట్టీని తడిపి, గట్టి పూత తగిలేదాకా గీకేయండి. చచ్చిన బూజు కూడా ఉబ్బసాన్ని రేపుతుంది కాబట్టి దాన్ని చంపితే చాలదు, గోడ మీంచి తీసేయాలి.

బ్లీచింగ్ చల్లితే పోతుందని చాలామంది అంటారు. టైల్స్ మీద సరే. సిమెంటు గోడ మీద అది రంగును తెల్లబరుస్తుంది గానీ లోపలికి పెద్దగా పోదు, పైగా గోడకు ఇంకాస్త నీళ్లు తాగిస్తుంది. ఒకవేళ వాడినా, బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన గదిలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ప్రాణాలు పోయే ప్రమాదం. అమ్మోనియా ఉన్న క్లీనర్లతోనూ అంతే. మిగతా సలహాల్లో ఏది మరిచినా ఇది మరవకండి.

వాల్‌పేపరు, నానిన జిప్సం బోర్డు, ఉబ్బిన ప్లైవుడ్, బూజు లోపలికి పట్టిన ఫోమ్ పరుపు, దిండ్లు కడిగినా బాగుపడవు. వదులుకోవాలి. బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. ఆ గోడకు ఆనించిన బీరువాలో పాస్‌పుస్తకాలు, రిజిస్ట్రేషన్ కాగితాలు ఉంటే మొదట వాటినే వేరే గదికి మార్చండి. తడిసిన కాగితాన్ని మళ్లీ సంపాదించడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో తెలిసిందే. బీరువాను తిరిగి పెట్టేటప్పుడు గోడకు జానెడు ఎడం ఉంచండి.

గోడ ఆరడానికి కావలసింది ఓపిక. పైకి ఆరినట్టున్నా సిమెంటు పూత, ఇటుక లోపల తడి వారాల తరబడి ఉంటుంది. ఇక్కడ మన మెట్ట గాలి ఉచితంగా చేసే సాయం చాలా పెద్దది. జనవరి నుంచి మే దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు గంటల మధ్య, గాలి బాగా పొడిగా ఉన్న వేళ, కిటికీలు బార్లా తీయండి. బూజు తీసేశాక ఫ్యానూ వేసుకోవచ్చు. ముసురు పట్టిన నవంబరులో అదే పని చేస్తే తేమను పిలిచి లోపల కూర్చోబెట్టినట్టే. పైన చెప్పిన ప్లాస్టిక్ కాగితం పరీక్ష మళ్లీ చేసి, గోడ వైపు చెమ్మ లేదని తేలాకే పుట్టీ, రంగు. అంతకు ముందే వాటర్‌ప్రూఫ్ పెయింటు పూస్తే తడి లోపల బందీ అవుతుంది. బూజు పట్టదని డబ్బా మీద రాసిన పెయింటు కూడా కారే నీళ్ల ముందు నిలవదు.

ఏసీ లోపలి బూజు వేరే పని. ఆన్ చేయగానే తడిగుడ్డ వాసన వస్తుంటే, రెక్కల సందులోంచి టార్చి వేసి చూడండి. బ్లోయర్ మీద నల్లటి చుక్కలుంటే అది తిరిగినప్పుడల్లా బీజాలు గదిలోకి వస్తున్నట్టే. ఫిల్టర్ కడగడం మన చేతిలోది, వాడే రోజుల్లో రెండు వారాలకోసారి చాలు. కాయిల్, బ్లోయర్, ట్రే విప్పి కడగడం మాత్రం మెకానిక్ పని. ఏడాదికొకసారి, వేసవి మొదలయ్యే ముందు చేయించాలి. రోజూ ఏసీ ఆపే ముందు పది నిమిషాలు కిటికీ తీసి ఫ్యాన్ మోడ్‌లో నడిపితే కాయిల్ ఆరుతుంది. ఇంకో మాట, 18లో పెట్టకండి. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ మొదట 24 డిగ్రీల దగ్గరే ఆన్ కావాలన్నది కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ నిబంధన. కరెంటు ఆదా కోసం పెట్టిందే అయినా గోడలకూ అది మేలు. గది మరీ చల్లబడితే తలుపు తీసినప్పుడల్లా వచ్చే ఉక్కగాలి ఆ చల్లగోడల మీద చెమ్మగా దిగుతుంది.

అద్దె ఇళ్లలో మాత్రం ఇదంతా పేచీగా మారుతుంది. ఏసీ అద్దెకున్నవాళ్లది, గోడ ఇంటాయనది. మచ్చ కనపడగానే తారీఖుతో ఫొటో తీసి ఇంటాయనకు పంపడం, మెకానిక్ రాసిచ్చిన కాగితం దాచుకోవడం ఇద్దరికీ మంచిది. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో ఆవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లవాడు 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంట్లో ఎంతోకాలంగా ఉన్న బూజే కారణమని 2022లో విచారణలో తేలింది. ఆ తండ్రి ఇంటి యాజమాన్యానికి ముందే మొరపెట్టుకున్నాడు. వాళ్లు సమయానికి బాగుచేయలేదు. అక్కడి సోషల్ హౌసింగ్ అద్దె ఇళ్లలో తేమ, బూజు ఫిర్యాదులకు గడువు పెడుతూ ఆ పిల్లవాడి పేరు మీదే చట్టం వచ్చింది. మన దగ్గర అలాంటి గడువు లేదు కాబట్టి ఇంటాయన, అద్దెకున్నవాళ్లు తొందరగా ఒక మాటకు రావాలి. లీకు ఏసీదైతే మరమ్మతు ఏసీ ఎవరిదో వాళ్లది, రంధ్రం పూడ్చడం, మిద్దె మీది నీళ్లు ఆపడం ఇంటాయనది అనుకుంటే చాలా పేచీలు అక్కడే తెగుతాయి.

కొత్తగా ఏసీ పెట్టించేవాళ్లు బిగింపు అయిపోగానే మెకానిక్‌ను అప్పుడే పంపించకండి. ముందు ఫిల్టర్ తీసి, కాయిల్ మీదుగా ట్రేలోకి ఒక లీటరు నీళ్లు మెల్లగా పోయించండి. ఇంకొకరు బయట పైపు కొన దగ్గర మగ్గు పట్టుకుని నిలబడాలి. పోసిన నీళ్లు ఆగకుండా, దాదాపు అన్నీ మగ్గులోకి రావాలి. గోడ వైపు ఒక్క చుక్క జారినా, పైపు కొన దగ్గర ధార ఆగి ఆగి వచ్చినా, నిచ్చెన ఇంకా అక్కడే ఉండగానే యూనిట్ విప్పి వాలు సరిచేయించుకోవాలి.